హ్యాంగ్ ఆన్ అంటే ఉండు, హ్యాంగ్ అప్ అంటే పెట్టేయ్

నమస్కారమండీ. ఫోన్లో అవతలివాళ్లు "హ్యాంగ్ ఆన్" అన్నారంటే కాస్త లైన్లో ఉండమని. "హ్యాంగ్ అప్" అంటే ఫోన్ పెట్టేయడం. హ్యాంగ్ అంటే వేలాడదీయడం అని బళ్లో నేర్చుకున్న అర్థం ఈ రెండు చోట్లా అక్కరకు రాదు, పనంతా వెనకున్న ఆ బుల్లి మాటే చేసేస్తుంది. ఇలాంటివాటినే ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు.

ఇవి మనకొక్కరికే కొరుకుడు పడనివి కావు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లిష్ నిఘంటువు ముందుమాటలోనే, పరాయివాళ్లని అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఇవేనని రాశాడు. మన విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. మనలో చాలామందికి ఇంగ్లిష్ మాటల్లోంచి కాదు, పాఠ్యపుస్తకంలోంచి వచ్చింది. అందుకే పోస్ట్‌పోన్ బాగా తెలుసు గానీ పుట్ ఆఫ్ నోటికి రాదు, టాలరేట్ తెలుసు గానీ ఎవరైనా "ఐ కాంట్ పుట్ అప్ విత్ దిస్ నాయిస్" అంటే ఈ గోల భరించలేకపోతున్నానని చెప్తున్నారని వెంటనే వెలగదు. లాటిన్ నుంచి వచ్చిన ఆ పెద్ద మాటలు ఆఫీసు ఉత్తరాల్లో చక్కగా ఉంటాయి, కాదనను. కానీ ఇంగ్లిష్‌వాళ్ల ఇంట్లో అమ్మ పిల్లాడితో మామూలుగా అనే మాట "టేక్ ఆఫ్ యువర్ షూస్". రిమూవ్ అంటే అది నోటీసు బోర్డు భాష.

అసలు తడబాటు అర్థం దగ్గర కంటే మాటల వరుస దగ్గర ఎక్కువ. ఫ్యాన్ కట్టేయమనాలి. "టర్న్ ఆఫ్ ద ఫ్యాన్" అనొచ్చు, "టర్న్ ద ఫ్యాన్ ఆఫ్" అనొచ్చు, రెండూ ఒప్పే. ఫ్యాన్ అనకుండా ఇట్ అన్నారో, ఇక ఆ ఇట్ మధ్యలోకి రావాల్సిందే: "టర్న్ ఇట్ ఆఫ్". "టర్న్ ఆఫ్ ఇట్" అనకూడదు. శంషాబాద్‌లో దిగే బావగారిని తీసుకురమ్మని చెప్పాలన్నా అంతే, "పిక్ హిమ్ అప్" అనాలి, "పిక్ అప్ హిమ్" కాదు. సరే, ఇది పట్టుబడింది కదా అనుకునేలోపు లుక్ ఆఫ్టర్ వచ్చి అడ్డం తిరుగుతుంది. అమ్మమ్మని చూసుకో అనడానికి "లుక్ ఆఫ్టర్ హర్" అనాలి, దాన్ని విడదీయడానికి వీల్లేదు. ఏది విడిపోతుందో, ఏది విడిపోదో చెవితో కొంతవరకు పట్టుకోవచ్చు. "టర్న్ ఇట్ ఆఫ్"లో గొంతు ఆఫ్ మీద నొక్కుతుంది, "లుక్ ఆఫ్టర్ హర్"లో లుక్ మీద నొక్కుతుంది. ఎప్పుడూ ఇలాగే ఉండదు గానీ, చాలాసార్లు పనికొస్తుంది. అందుకే 500 ఫ్రేజల్ వెర్బ్స్ అంటూ ఫోన్లో తిరిగే ఆ జాబితాలు నాకు అస్సలు నచ్చవు, వరుసా తెలీదు, ఎక్కడ నొక్కాలో అంతకంటే తెలీదు.

ప్రయాణాల మాట చూడండి. బస్సు, రైలు, విమానం ఎక్కడానికి గెట్ ఆన్, దిగడానికి గెట్ ఆఫ్. కారుకీ ఆటోకీ వచ్చేసరికి గెట్ ఇన్, గెట్ అవుట్. లోపల లేచి నాలుగడుగులు నడవగలిగే బండి అయితే ఆన్, ఎక్కీ ఎక్కగానే కూర్చోవాల్సిందైతే ఇన్ అని గుర్తుపెట్టుకుంటే దాదాపు సరిపోతుంది.

ఇక మనం సొంతంగా అతికించినవీ ఉన్నాయి. "కోప్ అప్ విత్" అని మన దగ్గర తెగ వాడతారు, అక్కడ అప్ అక్కర్లేదు, కోప్ విత్ చాలు. "రిటర్న్ బ్యాక్"లో బ్యాక్ కూడా దండగే. కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది మాత్రం పాస్ అవుట్ దగ్గర. అమెరికా కంపెనీ ఇంటర్వ్యూలో "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2021" అంటే, ఆ ఏడాది స్పృహతప్పి పడిపోయారని అవతలివాళ్లు అనుకునే ప్రమాదం ఉంది. "ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2021" అనేస్తే గొడవ లేదు. అలాగని మన హైదరాబాద్ పోలీస్ అకాడమీలో జరిగే పాసింగ్ అవుట్ పరేడ్‌ని తప్పుపట్టకండి, శిక్షణ ముగించుకుని బయటికొచ్చే సైనికులకి బ్రిటిష్‌వాళ్లు కూడా ఆ మాటే వాడతారు.