మర్నాడు కాదు, నెలల తర్వాత చూడండి

అధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. రేడియేషన్‌తో పాలిమర్లను, అంటే ప్లాస్టిక్ లాంటి పొడవాటి గొలుసు అణువుల పదార్థాలను, ఎలా మార్చవచ్చో చెప్పమన్నారు. ముందు ఒక్క మాట. గామా కిరణాలు తగిలినంత మాత్రాన ప్లాస్టిక్ రేడియోధార్మికం కాదు. మేం వాడే గామా కిరణాలు కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం నుంచి వస్తాయి. వాటి శక్తి 1.17, 1.33 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. కార్బన్, హైడ్రోజన్ కేంద్రకాలను మార్చడానికి అది చాలదు. పరమాణువుల మధ్య బంధాలను మాత్రం తెంచుతుంది.

తెగాక ఏమవుతుందన్నదే అసలు కథ. 1952లో చార్లెస్‌బీ అనే శాస్త్రవేత్త ఇంగ్లండులోని హార్వెల్ రియాక్టర్లో పాలిథిలీన్ ఉంచి చూస్తే గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. తర్వాత వేడి చేసినా అది కారిపోలేదు. వైర్లకు తొడిగి వేడి చూపిస్తే బిగుసుకునే గొట్టాలున్నాయే, వాటి కిటుకు ఇదే. వేడిలో సాగదీసి అలాగే చల్లారుస్తారు. మళ్లీ వేడి తగిలితే ఆ ముడులే దాన్ని పాత కొలతకు లాక్కొస్తాయి.

కేబుళ్ల గురించి చాలా రాసుకొచ్చాను. అవి పక్కన పెడతాను. పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ సంగతి చెప్పకపోతే నాకు మనసొప్పదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో దానితో చేసిన సిరంజి గొట్టాలకు 25 కిలోగ్రేల (కిలోగ్రే అంటే పదార్థం పీల్చుకున్న రేడియేషన్‌కు కొలత) మోతాదు ఇచ్చాం. సూక్ష్మజీవులు చావడానికి మామూలుగా ఇచ్చే మోతాదే. మర్నాడు లాగి చూశాం, వంచి చూశాం. బాగున్నాయి. నివేదిక మీద సంతకం పెట్టాను. కొన్ని నెలలకు సొరుగులో మిగిలిన గొట్టాన్ని తీసి వేళ్ల మధ్య నొక్కితే పెళుక్కున విరిగింది. పసుపు రంగు కూడా తిరిగింది. ఆ విరిగిన చప్పుడు నాకింకా గుర్తుంది.

కిరణాలు ఆగాయి కానీ పని ఆగలేదు. బంధాలు తెగి లోపల చిక్కుకున్న చురుకైన ముక్కల (వాటినే ఫ్రీ రాడికల్స్ అంటారు) మీదికి గాలిలోని ఆక్సిజన్ నెమ్మదిగా చేరింది. గొలుసులు తెగుతూనే ఉన్నాయి. అదే రోగికి గుచ్చే సమయంలో విరిగి ఉంటే?

కృత్రిమ తుంటి కీలులో వాడే పాలిథిలీన్ గిన్నెలకూ ఇదే గతి పట్టింది. గాలిలోనే గామా కిరణాలిచ్చి ఏళ్లపాటు అరల్లో ఉంచినవి ఆక్సీకరణతో పెళుసుబారి, మనిషి ఒంట్లో త్వరగా అరిగాయి. ఆ తర్వాతే ఆక్సిజన్ తగలని ప్యాకింగు వచ్చింది. ఎక్కువ మోతాదుతో ముడులు పెంచి, మళ్లీ కరిగించి రాడికల్స్‌ను పోగొట్టే పద్ధతీ వచ్చింది.

వెనక కూర్చున్న పిల్లలూ, మీకే చెబుతున్నాను. నమూనాల్లో సగం దాచండి. ఆర్నెల్లకు ఒకసారి, ఏడాదికి ఒకసారి విరిచి చూడండి. మోతాదు రాసిన చోటే, ఏ తేదీన పరీక్షించారో కూడా రాయండి. తేదీ లేని నివేదిక మీద సంతకం పెట్టమంటే పెట్టకండి.