నడక వచ్చేదాకా బడి ఆగాలా? సెరిబ్రల్ పాల్సీ పిల్లల థెరపీ, చదువు, ఉపాధి

[తెర మీద శీర్షిక. వెనక ఆడుకుంటున్న పిల్లల సందడి.]

"ముందు నడక రానీ, బడి సంగతి తర్వాత చూద్దాం." సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. ప్రేమతోనే అంటారు. కానీ నడక కోసం ఎదురుచూస్తుండగానే మాట, చదువు, స్నేహాలు నేర్చుకోవాల్సిన ఏళ్లు గడిచిపోతాయి. నడక వచ్చినా రాకపోయినా ఇవన్నీ మొదలవ్వాల్సిందే. ఎలా మొదలుపెట్టాలో ఈ వీడియోలో చూద్దాం.

[దృశ్యం: మెదడు నుంచి కండరాలకు వెళ్లే సంకేతాల బొమ్మ.]

పుట్టకముందో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొత్తలోనో ఎదిగే మెదడుకు దెబ్బ తగిలితే కండరాల మీద అదుపు తగ్గుతుంది. దీన్నే సెరిబ్రల్ పాల్సీ అంటారు. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ఆక్సిజన్ అందకపోవడం, పుట్టిన కొత్తలో కామెర్లు బాగా ముదరడం, మెదడుకు ఇన్ఫెక్షన్ సోకడం కొన్ని కారణాలు. గ్రహణం వల్లో, తల్లి చేసిన తప్పు వల్లో వచ్చింది కాదు. కొందరికి కాళ్లూ చేతులూ బిగుసుకుంటాయి, కొందరికి వాటంతటవే కదులుతుంటాయి. మాట స్పష్టంగా రానంత మాత్రాన తెలివి లేదని కాదు. కొందరికి బుద్ధిమాంద్యం కూడా ఉండొచ్చు, వాళ్లూ వాళ్ల తీరులో నేర్చుకుంటారు.

నాలుగైదు నెలలైనా మెడ నిలపకపోవడం, ఎప్పుడూ పిడికిలి బిగించే ఉంచడం, ఏడాది నిండకముందే ఒక్క చేతినే వాడటం, ఎత్తుకుంటే కాళ్లు కత్తెరలా మెలివేయడం గమనిస్తే డాక్టరుకు చూపించండి. "వాళ్ల నాన్నకీ అన్నీ ఆలస్యమే" అని ఆగొద్దు. పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, ఇలాంటి సమస్యల్ని చిన్నప్పుడే గుర్తించి సాయం చేసే డీఈఐసీ కేంద్రాలు జిల్లాల్లో ఉన్నాయి. అక్కడ పరీక్షలూ థెరపీ ఉచితం.

[దృశ్యం: చెక్క కుర్చీ, పీట, రెండు తువ్వాళ్లు. పాపను కూర్చోబెడుతున్న అమ్మ చేతులు, దగ్గరగా.]

థెరపీ అంటే సెంటర్‌లో గడిపే అరగంట మాత్రమే కాదు. ఇంట్లో పాప ఎలా కూర్చుంటుందన్నది అంతకంటే ముఖ్యమని నా నమ్మకం. ముందు తుంటి చూడండి. నడుము కుర్చీ వెనక్కి పూర్తిగా ఆనాలి. మోకాళ్లు వంగి, పాదాలు వేలాడకుండా పీట మీద నిలవాలి. పక్కకు ఒరిగిపోతుంటే తువ్వాలును చుట్టలా చుట్టి రెండు వైపులా పెట్టండి. ఎదురుగా మోచేతులు ఆనే ఎత్తులో బల్ల ఉండాలి. ఇప్పుడు పాప చేతుల్ని గమనించండి. పడిపోకుండా ఉండటానికే అయిపోతున్న శక్తి మిగిలి, చెయ్యి బొమ్మ దాకా వెళుతుంది. తినిపించేటప్పుడూ ఇలాగే కూర్చోబెట్టండి. తల వెనక్కి వాల్చి తినిపిస్తే పొలమారుతుంది, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. మీ బిడ్డ శరీరాన్ని బట్టి చిన్న చిన్న మార్పులు ఫిజియో చెబుతారు.

[దృశ్యం: పాల గ్లాసు, నీళ్ల గ్లాసు బొమ్మలున్న అట్ట.]

మాట రాని పిల్లలకు ఇలాంటి అట్టతో మొదలుపెట్టొచ్చు. "పాలా, నీళ్లా?" అని అడిగి, మనసులో పది దాకా లెక్కపెట్టండి. మనం అడిగి మనమే జవాబు చెప్పేయడం అలవాటైపోయింది. చూపుతో చెప్పినా, వేలితో చూపినా అది జవాబే. బొమ్మలు అలవాటైతే మాట రాదేమోనని భయం అక్కర్లేదు. మాట వచ్చే పిల్లలకు బొమ్మలు అడ్డుపడవు. తర్వాత, బొమ్మను తాకితే ఆ మాట పలికే యాప్‌లకు మారొచ్చు. చెన్నైలో తయారైన ఆవాజ్ అలాంటిదే.

[దృశ్యం: బడి గేటు, ర్యాంపు.]

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కుంది. దగ్గర్లోని మామూలు బడా, ప్రత్యేక బడా అన్నది మీ ఇష్టం. తెలుగు రాష్ట్రాల్లో మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, ఫిజియోథెరపీ కూడా దొరుకుతుంది. బడిలో చేర్పించేటప్పుడు అందరూ ర్యాంపు ఉందా అని చూస్తారు. మీరు మరుగుదొడ్డి కూడా చూడండి. లోపలికి వీల్‌చైర్ పట్టకపోతే పాప పొద్దుటి నుంచీ నీళ్లు తాగకుండా కూర్చుంటుంది. పరీక్షల్లో చెయ్యి సాగని పిల్లలకు, వాళ్లు చెబుతుంటే జవాబులు రాసిపెట్టే స్క్రైబ్ సాయం తీసుకునే వీలు, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉన్నాయి. చివరి వారంలో కాదు, ఏడాది మొదట్లోనే హెడ్‌మాస్టర్‌కు రాసివ్వండి.

[దృశ్యం: ఒక్క వేలితో కీబోర్డు మీద టైపు చేస్తున్న చెయ్యి.]

సెరిబ్రల్ పాల్సీ ఉన్న కూతురు మాలిని కోసం మిఠు అలూర్ 1972లో ముంబయిలో ఒక బడి ప్రారంభించారు. మాలిని చిబ్ ఒక్క వేలితో టైపు చేస్తూ ముంబయి సెయింట్ జేవియర్స్‌లో డిగ్రీ, లండన్‌లో పీజీలు చేసి ఉద్యోగం చేశారు. ఆమెకు వచ్చిన అవకాశాలు మన ఊళ్లలో అందరికీ రావు, నిజమే. కానీ ఉపాధి శిక్షణ పేరుతో అందరికీ కొవ్వొత్తులు, కాగితం కవర్లే నేర్పించడం నాకు నచ్చదు. చేతులు అదుపు లేకుండా కదిలే అబ్బాయికి వేడి మైనం ఇస్తే ఎలా? పద్నాలుగు, పదిహేనేళ్లప్పుడే ఏది ఇష్టమో అడగండి, చేయగలిగేలా పనిముట్టును మార్చండి. అక్షరానికో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ పలకను కీబోర్డు మీద బిగిస్తే వేలు పక్క అక్షరం మీద పడదు. దీనితో డేటా ఎంట్రీ, డీటీపీ, అకౌంట్స్ చేయొచ్చు. బుద్ధిమాంద్యం కూడా ఉన్నవాళ్లకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో ఉపాధి శిక్షణపై సలహా దొరుకుతుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకున్న 4 శాతం రిజర్వేషన్లలో సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకూ, కదలికలకు సంబంధించిన ఇతర వైకల్యాలున్న వాళ్లకూ కలిపి 1 శాతం కేటాయించారు.

వీటిలో చాలావాటికి ముందు సదరం లాంటి వైకల్య సర్టిఫికెట్, వికలాంగులకు దేశమంతటా చెల్లే గుర్తింపు కార్డు యూడీఐడీ కావాలి. అవి వచ్చాక కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేయండి. ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తించే ఈ బీమాలో ఓపీ చికిత్స, రోజువారీ థెరపీ ఖర్చులు కూడా ఉన్నాయి. ఆసుపత్రిలో చేరితేనే డబ్బిచ్చే మామూలు పాలసీలకూ దీనికీ తేడా అదే. కాబట్టి ఫిజియో, స్పీచ్ థెరపీ రసీదులు ఒక్కటి కూడా పారేయకండి.