ఎడమ గీత: చురాండీ మార్టినా పరుగు కథ

(తెరపై: ట్రాక్ వంపు. ఒక లేన్ ఎడమ అంచున ఉన్న తెల్ల గీత మీద ఎర్రటి వృత్తం.)

2008 ఆగస్టు 20న బీజింగ్‌లో జరిగిన 200 మీటర్ల ఒలింపిక్ ఫైనల్ అనగానే ఉసేన్ బోల్ట్ 19.30 సెకన్ల ప్రపంచ రికార్డే అందరికీ గుర్తుకొస్తుంది. అతడి వెనుక 19.82 సెకన్లలో రెండవవాడిగా పరుగు ముగించిన చురాండీ మార్టినా పేరు మాత్రం నేటి ఫలితాల పట్టికలో అనర్హుల కింద కనిపిస్తుంది.

మార్టినా 1984లో క్యురసావ్ రాజధాని విల్లెమ్‌స్టాడ్‌లో పుట్టాడు. వెనెజువెలా తీరానికి ఎదురుగా ఉన్న ఆ ద్వీపం విస్తీర్ణం 444 చదరపు కిలోమీటర్లు. అప్పట్లో అది డచ్చి రాజ్యంలో స్వపరిపాలన గల నెదర్లాండ్స్ ఆంటిల్లీస్ అనే ద్వీపసమూహంలో భాగం. ఆ ద్వీపాలన్నిటికీ కలిపి బీజింగ్ క్రీడల వరకు దక్కిన ఒలింపిక్ పతకం ఒక్కటే; 1988 సియోల్ క్రీడల్లో తెరచాప పోటీలో యాన్ బూర్స్మా గెలిచిన రజతం. 2007లో రియో పాన్ అమెరికన్ క్రీడల్లో 100 మీటర్ల స్వర్ణం గెలిచి వచ్చిన మార్టినా, బీజింగ్ 100 మీటర్ల ఫైనల్‌లో 9.93 సెకన్లతో నాలుగవ స్థానంలో నిలిచాడు. కాంస్యం 9.91కి దక్కింది.

(తెరపై: లేన్ అడ్డుకోత బొమ్మ.)

ఇక 200 మీటర్ల సంగతి. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. ఆ కొలతలో కుడివైపు గీత కలుస్తుంది గానీ ఎడమ గీత కలవదు, ఎందుకంటే అది పక్క లేన్‌కు చెందినది. వంపులో శరీరాన్ని ఎడమకు వాల్చి పరుగెత్తేవాడి పాదం ఆ గీత మీద పడితే దూరం కొద్దిగా తగ్గినట్టే లెక్క. మూడవవాడిగా వచ్చిన అమెరికన్ వాలెస్ స్పియర్‌మన్‌ను ఈ కారణంతోనే తొలగించగా, వీడియో పరిశీలించిన అమెరికా బృందం మార్టినా కూడా గీత తొక్కాడని ఫిర్యాదు చేసింది. దాంతో మార్టినా కూడా అనర్హుడయ్యాడు; రజతం నాలుగవవాడిగా వచ్చిన అమెరికన్ షాన్ క్రాఫర్డ్‌కు వెళ్లింది. క్రాఫర్డ్ ఆ తరువాత తన పతకాన్ని మార్టినాకే ఇచ్చేశాడు. నిబంధనల పుస్తకంలో చోటు లేని మర్యాద ఇది. ఆంటిల్లీస్ చేసిన అప్పీలును క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2009 మార్చిలో కొట్టివేసింది.

2010 అక్టోబరు 10న నెదర్లాండ్స్ ఆంటిల్లీస్ అనే పాలనా ప్రాంతమే రద్దయింది. మరుసటి ఏడాది దాని ఒలింపిక్ కమిటీ గుర్తింపు కూడా పోవడంతో మార్టినా నారింజ రంగు డచ్చి దుస్తులు ధరించాడు. 2012లో హెల్సింకీలో 200 మీటర్ల యూరోపియన్ విజేతగా నిలిచి, లండన్ ఒలింపిక్స్‌లో 100, 200 మీటర్ల ఫైనల్స్ రెండింటిలోనూ పరుగెత్తాడు.

2016లో ఆమ్‌స్టర్‌డామ్ యూరోపియన్ పోటీల్లో సొంత ప్రేక్షకుల ముందు 100 మీటర్ల స్వర్ణం గెలిచాడు. 200 మీటర్లలోనూ అందరికన్నా ముందు వచ్చాడు గానీ, మళ్లీ గీత తొక్కినందుకు అనర్హుడయ్యాడు. ఎనిమిదేళ్ల తేడాతో ఒకే మనిషికి ఒకే తప్పు మీద రెండు పతకాలు పోవడం చూస్తే, తలరాత అని సరిపెట్టుకోవడం కన్నా, వంపులో అతడు అంచును అంటిపెట్టుకుని పరుగెత్తే తీరునే కారణంగా చూడాలనిపిస్తుంది. వంపులో ఎడమ గీతను ఒక్కసారి తాకితే అనర్హత ఉండదని నిబంధన సడలించడం చాలా ఆలస్యంగా జరిగింది.

(తెరపై: 19.82 అంకె, దాని మీద అడ్డగీత.)

2016 ఆగస్టులో, 32 ఏళ్ల వయసులో, మార్టినా స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో 200 మీటర్లు పరుగెత్తాడు. అతడి అప్పీలును కొట్టివేసిన న్యాయస్థానం ఉన్న ఊరు అదే. గడియారం 19.81 చూపింది.