స్కార్‌ఫేస్‌ని మూడోసారి తీయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నమస్తే అండీ. సౌండ్ వస్తోంది కదా, వచ్చేయండి. స్క్రీన్ మీద ఎడమవైపు 1932 గ్యాంగ్‌స్టర్ సినిమా స్కార్‌ఫేస్, హోవర్డ్ హాక్స్ తీసింది. కుడివైపు 1983ది, బ్రయాన్ డి పామా. కింద షీట్ తెరిచాను, రెండు కాలమ్‌లు: ‘మారింది’, ‘మారనిది’.

మారింది గబగబా నింపేద్దాం. షికాగో బదులు మయామి. దొంగసారా బదులు కొకైన్. ఇటలీ కుర్రాడి బదులు క్యూబా కుర్రాడు, 1980లో క్యూబాలోని మారియల్ రేవు నుంచి పడవల్లో వచ్చినవాడు. అంతే, ఇదిగో ఇలా. నెక్స్ట్.

మారనిది... ఇక్కడ ఆగండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. నా రీమేక్ స్క్రిప్ట్ మొదటి వెర్షన్‌లో హీరో చెల్లెలి పాత్ర ఎందుకులే అని తీసేశాను. హీరో ఎదిగాడు, ఎదిగాడు, చచ్చాడు. చదివినవాళ్లకి చీమ కుట్టినట్టయినా లేదు. మళ్లీ రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఇదిగో, ఎడమవైపు చూడండి. తలుపు. తెరిచింది ప్రాణస్నేహితుడు. హీరో టోనీ అతన్ని కాల్చేశాడు. అప్పుడు చెల్లెలు చెస్కా చెబుతుంది, మాకు పెళ్లయిందని. ఇప్పుడు కుడివైపు. మళ్లీ తలుపు, మళ్లీ స్నేహితుడు, మళ్లీ అదే మాట, ఈసారి చెల్లెలు జీనా నోట. ఊరు మార్చారు, సరుకు మార్చారు, ఈ తలుపు మాత్రం ముట్టుకోలేదు!

ఇలాంటివి చూడ్డానికి నేను వీఎల్‌సీ అనే వీడియో ప్లేయరే వాడతాను. కీబోర్డు మీద ‘E’ కీ కొడుతుంటే ఒక్కో ఫ్రేమే కదులుతుంది. పాతదాంట్లో హత్యల దగ్గర ఇంటూ గుర్తు అలాగే దొరికింది నాకు. ఇదిగో, బౌలింగ్ స్కోరు షీట్ మీద. ఎంత బాగా పెట్టాడో చూడండి! సరే, వెనక్కి వద్దాం.

‘ప్రపంచం నీదే’ అన్న బోర్డు కూడా మారలేదు. అప్పుడు టూర్ కంపెనీ లైట్ల బోర్డు, తర్వాత ఆకాశంలో గాలి ఓడ. అది కూడా కాలమ్‌లో వేసేశా.

ఇప్పుడు మన రీమేక్. రెండింట్లోనూ చివరికి చెల్లెలు తుపాకి పట్టుకుని అన్న దగ్గరికి వస్తుంది. చెస్కా కాల్చలేక అన్న పక్కనే నిలబడిపోతుంది. జీనా మాత్రం కాలుస్తుంది. తలుపు దగ్గర్నుంచి ఇక్కడిదాకా ఆ పిల్ల ఎలా వచ్చింది? రెండు సినిమాలూ ఆ దారి చూపించలేదు. మన కథ ఆ దారే. ఆ పిల్లకి తెలిసినంతే మనకీ తెలుస్తుంది. సరుకేంటి, ఊరేంటి, తర్వాత. టైప్ చేస్తున్నా, చూడండి:

సీన్ 1. రాత్రి. అన్న గది తలుపు. బయట చెల్లెలు.

సేవ్ చేశా. సీన్ 2 తెరుస్తున్నా.