పవర్ బీఐలో కాలమ్ కనబడట్లేదా? ముందు సోర్స్ స్టెప్ చూడండి
అందరికీ నమస్కారం. ఈ రివ్యూలో పవర్ బీఐ డెస్క్‌టాప్‌ని, అంటే డేటా ఫైల్స్ నుంచి రిపోర్ట్‌లు తయారుచేసే మైక్రోసాఫ్ట్ టూల్‌ని, ఒక్క విషయంలోనే పరీక్షిద్దాం. ఫైల్లో ఉన్న కాలమ్ రిపోర్ట్‌లోకి రాకపోతే, ఆ సంగతి మనకి చెబుతుందా, లేదా?

స్క్రీన్ మీద ఉన్నది 12 కాలమ్స్ సేల్స్ రిజిస్టర్, సీఎస్‌వీ ఫైల్, అంటే విలువల్ని కామాలతో విడదీసే టెక్స్ట్ ఫైల్. చివర్లో హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో సరుకు రకాన్ని తెలిపే కోడ్) అని 13వ కాలమ్ చేర్చి సేవ్ చేశాం. రిఫ్రెష్ కొడదాం. ఎర్రర్ ఏమీ రాలేదు. కానీ కుడివైపు డేటా పేన్‌లో హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ కూడా లేదు.

ట్రాన్స్‌ఫామ్ డేటా నొక్కండి. ఫార్ములా బార్ కనబడకపోతే వ్యూ ట్యాబ్‌లో టిక్ పెట్టండి. అప్లైడ్ స్టెప్స్‌లో మొట్టమొదటిది, సోర్స్, నొక్కండి. డీలిమిటర్ (కాలమ్స్‌ని విడదీసే గుర్తు) పక్కనే చూశారా, కాలమ్స్ ఈక్వల్ టు 12 అని ఉంది. ఫైల్ మొదటిసారి తెచ్చిన రోజు లెక్కపెట్టి ఆ అంకె ఇక్కడ రాసేసుకుంది. 13వది వస్తే చప్పుడు లేకుండా వదిలేస్తుంది. ఆ ముక్కని, దాని పక్క కామాతో సహా, తీసేసి ఎంటర్ కొట్టండి. వచ్చేసింది.

అదే, ఆ 12 ఉండగానే, కొత్త కాలమ్ చివర కాకుండా మధ్యలో చేరిందనుకోండి. అప్పుడు రాలిపోయేది కొత్తది కాదు, చివరిది! మన 12 కాలమ్స్‌లో చివరిది ‘మొత్తం విలువ’ అనే కాలమ్. కాలమ్స్‌కి డేటా రకం పెట్టే ఛేంజ్‌డ్ టైప్ స్టెప్‌లో దాని పేరు రాసి ఉంటుంది కాబట్టి, ఆ కాలమ్ టేబుల్‌లో దొరకలేదని ఎర్రర్ వస్తుంది. ఫైల్ తెరిస్తే ఉంటుంది, టూల్ లేదంటుంది. చాలామంది ఇక్కడే గంటలు పోగొట్టుకుంటారు. పేరు మారినా ఇదే ఎర్రర్. పెద్దక్షరం చిన్నక్షరం తేడా, పేరు చివర ఒక్క స్పేస్, ఏదైనా చాలు.

ఈ ఎర్రర్ తప్పించుకోవడానికి కొందరు టేబుల్ డాట్ సెలెక్ట్‌కాలమ్స్‌లో మిస్సింగ్‌ఫీల్డ్ డాట్ యూజ్‌నల్ పెడతారు. కాలమ్ దొరకకపోతే ఆగకుండా, దాని చోట నల్, అంటే ఖాళీ, నింపమని దీని అర్థం. రిమార్క్స్ లాంటి కాలమ్‌కైతే సరే. డబ్బు లెక్కల కాలమ్‌కి మాత్రం వద్దు. రిఫ్రెష్ సాఫీగా అవుతుంది, అంకెలు ఖాళీ అవుతాయి.

ఫోల్డర్ నుంచి ఫైల్స్ కలిపేవాళ్లకి ఇంకో మెలిక ఉంది. మామూలుగా మొదటి ఫైల్‌నే నమూనాగా తీసుకుంటుంది. అందులో హెచ్‌ఎస్‌ఎన్ లేకపోతే తర్వాతి ఫైల్స్‌లో ఉన్నా రాదు. శాంపిల్ ఫైల్ క్వెరీలో నావిగేషన్ స్టెప్‌కి ముందు, డేట్ మాడిఫైడ్ మీద కొత్తవి పైకి వచ్చేలా సార్ట్ పెట్టండి. ట్రాన్స్‌ఫామ్ శాంపిల్ ఫైల్‌లో కూడా ఆ 12 తీసెయ్యండి. పాత ఫైల్స్‌కి ఆ కాలమ్‌లో నల్ వస్తుంది, అది సరైనదే.

మా తీర్పు ఇదీ. కాలమ్ పోతే ఆగి చెప్పడం మంచి పని, పూర్తి మార్కులు. కాలమ్ పెరిగితే నోరు మెదపకపోవడం పెద్ద లోపం. ఒక చిన్న హెచ్చరిక చూపినా సరిపోయేది.

క్లోజ్ అండ్ అప్లై కొట్టాక, రిపోర్ట్‌ని మళ్లీ పబ్లిష్ చెయ్యండి. సర్వీస్‌లో, అంటే ఆన్‌లైన్ పవర్ బీఐలో, షెడ్యూల్ రిఫ్రెష్ రోజూ నడిచినా అది పాత కాలమ్స్‌లో అడ్డువరుసలే నింపుతుంది. కొత్త కాలమ్ తనంతట తాను అక్కడికి చేరదు.