26వ కథ

అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో మాట్లాడమని పిలిచి, 'పుస్తక పఠనం వల్ల ఉపయోగాలు' అని టాపిక్ కూడా ఇచ్చారు. ఆ వ్యాసం పదో తరగతిలో రాసి రాసి చేతులు పడిపోయాయి కాబట్టి దాని జోలికి వెళ్ళను. ఒక కథ మీద పిచ్చి పడితే మనిషి ఏమవుతాడో చెప్తాను, అది నాకు జరిగింది కనక.

చిన్నప్పుడు మా ఇంట్లో ఒక భేతాళ కథల పుస్తకం ఉండేది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, ఎవరు కొన్నారో ఎవరికీ గుర్తులేదు. అందులో తలలు మారిన కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒకావిడ మొగుడూ, ఆవిడ అన్నా అమ్మవారి గుళ్ళో ఒకరి తర్వాత ఒకరు తలలు నరుక్కుంటారు, ఆవిడ కూడా చావబోతుంటే అమ్మవారు కరుణించి తలలు మొండేలకు ఆనించమంటుంది, ఆ కంగారులో ఆవిడ ఒకరి తల ఇంకొకరికి పెట్టేస్తుంది. ఇద్దరూ లేచి కూర్చుంటారు. ఇప్పుడు ఆవిడ భర్త ఎవరు? తెలిసీ చెప్పకపోయావో నీ తల వేయి చెక్కలవుతుంది అంటాడు భేతాళుడు. పేజీ తిప్పాను. ఇంకో కథ సగంలో ఉంది! జవాబున్న కాగితం లేదు. మా తమ్ముడే చింపి పడవ చేశాడని నా అనుమానం, వాడు ఇప్పటికీ ఒప్పుకోడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర అందర్నీ అడిగాను. "తల ఎవరిదైతే వాడే, రేషన్ కార్డు మీద ఫొటో మొహానిదే కదా" అన్నారు నాన్న. అమ్మ "ముందు ఆ పిల్లని అడగండి" అంది. నాయనమ్మ మాత్రం మజ్జిగన్నం కలుపుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "ఒళ్ళే మొగుడు. పనంతా చేసేది చేతులు. తలకాయకేముంది, తినడం, పెత్తనం చెయ్యడం" అంది. నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు రఫ్ నోట్సు వెనక పేజీల్లో ముగ్గురి జవాబులతో మూడు ముగింపులు రాశాను. హోంవర్కు కానిది నేను రాయడం అదే మొదలు.

తర్వాత తెలిసిన సంగతి ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. సంస్కృతంలో ఆ కథల పేరే భేతాళ పంచవింశతి, అంటే ఉన్నవి 25. ఆఖరి ప్రశ్నకి రాజు జవాబు తోచక ఊరుకుంటాడు, అక్కడితో కథ కంచికి. మరి 1947 జూలైలో మద్రాసు నుంచి మొదలైన చందమామలో ఆ విక్రమార్కుడు దశాబ్దాల తరబడి శవాన్ని మోస్తూనే ఉన్నాడే, ఆ వందల కథలు ఎక్కడివి? కొత్తగా అల్లినవి. మామూలు కథ ఒకటి తీసుకుని, దాని చివర చిక్కు ప్రశ్న ఒకటి తగిలించి, భేతాళుడి నోట్లో పెట్టేసేవారు. భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే రాజు బొమ్మ వేసిన శంకర్ గారిది తమిళనాడు. ఆ బొమ్మ చూస్తే మనకి ఇప్పటికీ వాక్యం దానంతటదే వచ్చేస్తుంది, "పట్టువదలని విక్రమార్కుడు..." చూశారా, వెనక బెంచీ వాళ్ళు పూర్తి చేసేశారు.

ఇప్పుడు మీరు ఫ్యాన్ ఫిక్షన్ అంటారే, ఇష్టమైన పాత్రల్ని తీసుకుని మీ సొంత కథ రాసి ఫోన్లో పెడతారే, నా లెక్కన 26వ భేతాళ కథ కూడా అదే. మనకి అది కొత్తేం కాదు. శశిరేఖా పరిణయం వ్యాసుడి భారతంలో ఎక్కడా లేదు. అభిమన్యుడికి ఉత్తరతో పెళ్ళయింది, అంతే. అయినా మనవాళ్ళు ఊరుకోలేదు, బలరాముడికో కూతుర్ని పుట్టించారు, ఘటోత్కచుణ్ణి పెళ్ళికూతురి వేషంలో విడిదింట్లో కూర్చోబెట్టారు. అది 1957లో మాయాబజార్‌గా వచ్చింది. తీసిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే చందమామ పెట్టిన వాళ్ళు కూడా. నాకైతే ఇది కాకతాళీయం అనిపించదు. పాత కథని గూట్లో పెట్టి దణ్ణం పెట్టుకోవడం కన్నా దాంతో ఆడుకోవడం వాళ్ళకి ఇష్టమనుకుంటాను.

అభిమానంలో ఇంకో రకం కూడా నాకు తెలుసు, ఫ్లెక్సీ చింపారని పక్క కాలేజీ వాళ్ళతో కొట్లాటకి దిగడం. ఇంటర్లో నేనూ వెళ్ళాను. చొక్కా చిరిగింది, అంతకు మించి చెప్పుకోడానికేం లేదు.

చెప్పుకోవలసింది దాసరి సుబ్రహ్మణ్యం గారి పాఠకుల గురించి. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి చందమామలో సీరియల్స్ రాశారాయన, పేరు మాత్రం వేసేవారు కాదు. పిల్లలం మాకు ఆ రాసేది ఒక మనిషి అన్న ధ్యాసే లేదు. పెద్దయ్యాక ఆ పిల్లలే, ఎవరి ఉద్యోగాలు వాళ్ళు చేసుకుంటూ, అటకల మీంచి పాత సంచికలు దింపి, దుమ్ము దులిపి, స్కాన్ చేసి, ఏ నెలది ఎవరి దగ్గరుందో కనుక్కుని లోటు పూడ్చుకుంటూ, అవన్నీ రాసిందెవరో పదిమందికీ చెప్పారు. ఎవరూ జీతమివ్వలేదు. నాకు తప్పిపోయిన భాగాలు కొన్ని అలా దొరికినవే.

నేను బ్యాంకులో పనిచేస్తాను, రాత్రిళ్ళు కథలు రాస్తాను. అచ్చయిన నా మొదటి కథలో ఒక దర్జీ ఉంటాడు, పక్షవాతం తర్వాత మనుషుల్ని గుర్తుపట్టడు, కానీ చేతులు మాత్రం భార్య జాకెట్టు కొలత మర్చిపోలేదు. కొత్తగా ఉందన్నారు అందరూ. అది మా నాయనమ్మ మజ్జిగన్నం కలుపుతూ చెప్పిన జవాబేనని వాళ్ళకి తెలీదు.

అసలు జవాబు నాకు ఉద్యోగమొచ్చాక ఓ లైబ్రరీలో దొరికింది. అవయవాలన్నిటికీ తలే ప్రధానం, కాబట్టి భర్త తల ఉన్నవాడే భర్త అంటాడు విక్రమార్కుడు. వెంటనే బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసి, నాయనమ్మా, నువ్వు ఓడిపోయావు అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి అంది, "రాజు కదరా, అలాగే అంటాడు. ఎప్పుడన్నా గిన్నె కడిగితేగా!"