రాత్రికి రాత్రే దిగిపోతున్న పాత కారు అద్దం

యాంకర్: లైన్‌లో ఒక శ్రోత ఉన్నారు. చెప్పండి, మీ కారుకి ఏమైంది?

కాలర్: నమస్కారం సార్. నా దగ్గర 1950 నాటి అమెరికన్ కన్వర్టిబుల్ ఉంది. స్విచ్ నొక్కితే అద్దం చక్కగా పైకొస్తుంది. కానీ పూర్తిగా మూసి పడుకుంటే, తెల్లారేసరికి నాలుగు వేళ్ల మేర దిగి ఉంటోంది. అద్దాన్ని ఎత్తే సిలిండర్ పోయిందన్నాడు మెకానిక్. చాలా టెన్షన్‌గా ఉంది.

నిపుణుడు: నమస్కారమండీ. ఆ తలుపు అడుగున తడి ఏమైనా ఉందా?

కాలర్: లేదు సార్, పొడిగానే ఉంది.

నిపుణుడు: అయితే సిలిండర్ జోలికి అప్పుడే వెళ్లకండి. ఈ కార్లలో అద్దాలు నడిచేదీ బ్రేక్ ఆయిల్‌తోనే, సిలిండర్ రబ్బరు సీలు పోతే అది తలుపులోకి కారి కనిపిస్తుంది. అద్దాన్ని పైకి తోసేది ఆ ఆయిల్, కిందికి లాగేది స్ప్రింగు. పైకి నొక్కినప్పుడు మోటారు పంపును తిప్పుతుంది, ఆ తలుపు సోలినాయిడ్ వాల్వు, అంటే కరెంటుతో పనిచేసే వాల్వు, తెరుచుకుంటుంది, ఆయిల్ సిలిండర్‌లోకి వెళ్తుంది. కిందికి నొక్కితే పంపు అసలు తిరగదు. వాల్వు తెరుచుకోగానే స్ప్రింగు లాగుతుంది, ఆయిల్ ట్యాంకులోకి తిరిగి వచ్చేస్తుంది. రాత్రంతా అద్దాన్ని పైన ఆపేది మూసుకున్న ఆ వాల్వే. అందులో ఇసుక రేణువంత మురికి ఇరుక్కున్నా చాలు, బయట ఒక్క చుక్క పడకుండానే అద్దం జారుతుంది.

కాలర్: మూసి ఉన్న పైపుల్లోకి మురికి ఎలా వస్తుంది సార్?

నిపుణుడు: లోపలే పుడుతుందండీ. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమతో పైపులు, సిలిండర్లు లోపల తుప్పు పడతాయి. బ్రేకుల ఆయిల్ మార్చేవాళ్లు కూడా అద్దాల సంగతి మర్చిపోతారు, నాకు బాధ కలిగించేది అదే. రెండేళ్లకోసారి మొత్తం తీసేసి కొత్తది పోయండి. ముందు వాల్వు విప్పి శుభ్రం చేయించండి. విప్పేముందు అద్దాన్ని పూర్తిగా కిందికి దించండి, లేకపోతే ఆయిల్ ఒత్తిడితో చిమ్ముతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, ఆలస్యమైతే రంగు లేచిపోతుంది. ట్యాంకు లెవెల్ కూడా అద్దాలన్నీ కిందికి దించాకే చూడాలి. పైన ఉండగా నింపితే, దించినప్పుడు పొంగుతుంది.

కాలర్: సిలికాన్ బ్రేక్ ఆయిల్ పోయొచ్చా?

నిపుణుడు: అది తేమను పీల్చదు, పెయింటునూ పాడు చేయదు. కానీ పాత ఆయిల్‌తో కలపకూడదు. మొత్తం విప్పి, కడిగి, సీళ్లు కొత్తవి వేసినప్పుడే ఆ మార్పు చేయండి.

యాంకర్: మరో కాలర్. త్వరగా చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా వారు నిన్న అలాంటి కారులోనే అద్దాల ఆయిల్ ట్యాంకులో గేర్‌బాక్స్ ఆయిల్ పోశారు. పరవాలేదా?

నిపుణుడు: పరవాలేదని చెప్పలేనమ్మా. బ్రేక్ ఆయిల్ కోసం చేసిన రబ్బరు సీళ్లు అందులో ఉబ్బిపోతాయి. 1963లో వచ్చిన మెర్సిడెస్ 600లో కూడా అద్దాలు హైడ్రాలిక్కే, అంటే ఆయిల్ ఒత్తిడితో నడిచేవే, కానీ దానిది ఖనిజ నూనె, అందులో బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు పాడవుతాయి. అందుకే మూత తీసేముందే ఏ కారుకి ఏది పోయాలో చూసుకోవాలి. స్విచ్ నొక్కారా?

కాలర్: ఇంకా లేదు సార్.

నిపుణుడు: మంచిదమ్మా, అది ఇంకా పైపుల్లోకి వెళ్లలేదు. ట్యాంకు విప్పి ఖాళీ చేసి, శుభ్రంగా కడిగించండి. అంతవరకూ బ్యాటరీ తీగ తీసేసి ఉంచండి.